సూది గుచ్చుకున్న సంగతి దాచకమ్మా

ప్రశ్న: మేడమ్, నేను ఏఎన్‌ఎంని. మూడు వారాల క్రితం ఒకాయనకి ఇంజెక్షన్ చేసి సూదికి మూత పెడుతుంటే వేలికి గుచ్చుకుంది. రక్తం పిండేసి స్పిరిట్ రాశాను. తిడతారని ఎవరికీ చెప్పలేదు. ఒకటే టెన్షన్, రాత్రిళ్లు నిద్ర లేదు.

జవాబు: అమ్మా, ఇందులో నీ తప్పేమీ లేదు. స్టాఫ్ నర్సుగా నైట్ డ్యూటీలో నాకూ ఇలాగే అయింది. గ్లవ్ లోపల చిన్న ఎర్రచుక్క. నేనూ దాచాను. ఆరు నెలలు నా బిడ్డను ముద్దుపెట్టుకోవడానికి కూడా భయపడ్డాను. అందుకే చెబుతున్నాను, రేపే మీ మెడికల్ ఆఫీసర్‌కి చెప్పు.

హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల సూది గుచ్చుకున్నా అది సోకేది వెయ్యిలో సుమారు ముగ్గురికే. టీకా లేనివాళ్లకి హెపటైటిస్ బి ముప్పు అంతకంటే చాలా ఎక్కువ. మూడు డోసులూ వేయించుకున్నావా? లేకపోతే ఇప్పుడైనా మొదలుపెట్టు. హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి టెస్టులు ఇప్పుడు చేయించుకో, మళ్లీ ఎప్పుడెప్పుడో డాక్టర్ చెబుతారు.

హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందులు వీలైతే 2 గంటల్లో, ఆలస్యమైనా 72 గంటల్లోపు మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. నీకా గడువు దాటింది. నీ తోటివాళ్లకైనా చెప్పు: గుచ్చుకోగానే పిండకూడదు, స్పిరిట్ వద్దు, కుళాయి కింద సబ్బుతో కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

వాడిన సూదికి మళ్లీ మూత పెట్టకు తల్లీ. వాడిన సూదిని సిరంజి నుంచి కోసేసే హబ్ కట్టర్ చేతికందే దూరంలో పెట్టుకున్నాకే సిరంజి కవరు చింపు.