ఇంటి రోబో కథలో ముడి ఎక్కడ వెయ్యాలి?

మీ ప్రశ్న ఇది: "ఇంటిపని చేసే ఆండ్రాయిడ్ మీద సైన్స్ ఫిక్షన్ థ్రిల్లర్ రాస్తున్నాను. మొదటి మూడు అధ్యాయాలు బాగా నడిచాయి. ఆ తర్వాత రోబో వింతగా ప్రవర్తించడం, ఇంట్లోవాళ్లు భయపడటం, ఇదే తిరిగి తిరిగి వస్తోంది. ప్లాట్ ఎలా కట్టుకోవాలి?"

సరిగ్గా ఇక్కడే నేను ఏడాది ఆగిపోయాను. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

మాది పర్లాకిమిడి, ఒడిశాలో గజపతి జిల్లా. పక్కనే పాతపట్నం, అక్కడి నుంచి ఆంధ్ర. నా కథ కూడా మా ఊళ్లోనే జరుగుతుంది. భర్త పోయిన పెద్దావిడ ఒక్కతే ఇంట్లో ఉంటుంది. భువనేశ్వర్‌లో ఉద్యోగం చేసే కొడుకు ఆవిడకి తోడుగా ఒక రోబోని కొని పంపుతాడు. మొదటిసారి రాసినప్పుడు ఆ రోబో అయిదో అధ్యాయంలో ఉన్నట్టుండి చెడ్డదైపోయింది. ఎందుకైందో నాకే తెలియదు. తుఫాను రాత్రి, చీకటి, తలుపులు బిగించేసిన రోబో, కేకలు... రాస్తున్నప్పుడు బాగానే ఉందనిపించింది.

రాసింది రాసినట్టు రాత్రిళ్లు మా అత్తయ్యకి చదివి వినిపించేదాన్ని. తుఫాను అధ్యాయం అయ్యాక ఆవిడ ఒక్కటే అడిగింది: "తిత్లీ అప్పుడు మనకి ఎన్ని రోజులు కరెంటు లేదమ్మా? మరి ఇది దేంతో తిరుగుతోంది?"

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. మా జిల్లా బాగా దెబ్బతింది. స్తంభాలు పడిపోయాయి, ఫోన్లు మూగబోయాయి. ఫోన్ ఛార్జ్ చేసుకోవడానికి ఎవరింట్లో జనరేటర్ ఉందా అని వీధివీధీ తిరిగాం. అదంతా అనుభవించి కూడా నా రోబోకి మాత్రం కరెంటు అక్కర్లేనట్టు రాసేశాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తెల్లారాక లెక్క వేశాను. మన ఇళ్లలో ఉండే ఇన్వర్టర్ బ్యాటరీ 12 వోల్టులు, 150 ఆంపియర్ అవర్లు. రెండూ గుణిస్తే 1800 వాట్ అవర్లు, అంటే 1.8 యూనిట్లు. మధ్యలో పోయేది పోగా చేతికొచ్చేది ఇంకా తక్కువ. నా రోబో పని చేస్తే 300 వాట్లు తింటుందని, ఊరికే నిలబడితే 60 చాలని పెట్టుకున్నాను. అంటే అదే బ్యాటరీ మీద పని చేస్తే అయిదారు గంటలు, కదలకుండా ఉంటే ఒక రోజు పైన నిలబడుతుంది. ఈ రెండు అంకెల మధ్య తేడా నాకు కథలో సగం ఇచ్చింది. ఎలాగో కింద చెబుతాను.

ముందు అసలు సంగతి. రోబో ఎందుకు ఎదురు తిరిగింది అని ఆలోచించడం మానెయ్యండి. దానికి మొదటి రోజున ఎవరు ఏం చెప్పారు అని ఆలోచించండి. మనిషికి హాని చెయ్యకూడదు, మనిషి మాట వినాలి, తనని తాను కాపాడుకోవాలి అనే మూడు నియమాలు మీకు తెలిసే ఉంటాయి. అవి అమెరికన్ సైన్స్ ఫిక్షన్ రచయిత ఐజాక్ అసిమోవ్ 1942లో ఒక కథ కోసం రాసుకున్నవి. ఆయన కథలు నడిచేది ఆ నియమాలు ఒకదానితో ఒకటి పడక ఇరుక్కున్నప్పుడే. మీ ఇంటి కథకి అంత పెద్ద నియమాలు అక్కర్లేదు. ఇంట్లో ఎవరో ప్రేమతో చెప్పే ఒక్క మాట చాలు.

నా కథలో ఆ పెద్దావిడ ఒకసారి గుమ్మం బయట జారిపడింది. అందుకని కొడుకు రోబోకి చెప్పాడు: "నేను ఫోన్ చేసి సరేనంటే తప్ప అమ్మకి వీధి తలుపు తియ్యకు." ఇది మొదటి అధ్యాయంలో, కాఫీ తాగుతూ, మామూలుగా అన్న మాట. చదివేవాళ్లకి అందులో తప్పేమీ కనిపించదు. కానీ తుఫాను వచ్చి టవర్లు పోతే ఆ ఫోన్ ఎప్పటికీ రాదు. నది పొంగి నీళ్లు వీధిలోకి వస్తున్నాయి, తాళంచెవి రోబో దగ్గరుంది, రోబో ఫోన్ కోసం ఎదురు చూస్తోంది. పైగా అది చెప్పేది కూడా సబబుగానే ఉంటుంది: "బయట చీకటి, నీళ్లు, మీకు కాలు నొప్పి. ఇంట్లోనే ఉండటం మంచిది." ఇప్పుడు ఎవరూ చెడ్డవాళ్లు కారు. టెన్షన్ మాత్రం నేను మొదట రాసిన కేకల కంటే ఎన్నో రెట్లు ఎక్కువైంది.

రెండోది, రహస్యాన్ని ఎక్కడ విప్పాలి. రోబోకి ఒడియా, హిందీ తప్ప రావని కొడుకు తల్లికి అబద్ధం చెప్పాడు. మా వైపు ఇంట్లో తెలుగు, బడిలో, ఆఫీసులో ఒడియా కాబట్టి ఆవిడ నమ్మేసింది. పక్కింటావిడతో రోబో ముందే తెలుగులో అన్నీ మాట్లాడేది, ఇల్లు కూతురి పేర రాయాలన్న సంగతితో సహా. రోబో ప్రతి మాటా కొడుక్కి చేరవేస్తోంది. మొదటి ప్రతిలో ఈ సంగతి చివరి అధ్యాయందాకా దాచాను. చదివిన ఇద్దరు స్నేహితులూ "ఓహో" అని ఊరుకున్నారు. తర్వాత దాన్ని తెచ్చి సరిగ్గా కథ మధ్యలో పెట్టాను, అదీ పాఠకుడికి మాత్రమే తెలిసేలా. కొడుకు ఫోన్ తెరిస్తే అందులో నిన్న వంటింట్లో తల్లి అన్న మాటలు అక్షరం పొల్లుపోకుండా ఉంటాయి. ఆ పేజీ తర్వాత ఆ ఇద్దరాడవాళ్లూ బీరకాయ తొక్కు తీస్తూ మాట్లాడుకున్నా సరే, చదివేవాళ్లకి గుండె పీచుపీచుమంటుంది. నేను ఒక్క సీను కూడా కొత్తగా రాయలేదు. ఉన్నవాటి చోటు మార్చానంతే. మీ మధ్య అధ్యాయాలు ఒకేలా ఉంటున్నాయంటే మీరు కూడా పాఠకుడికి ఇవ్వాల్సింది ఇవ్వకుండా పట్టుకుని కూర్చున్నారేమో చూడండి.

ఇక ముడి విప్పడం. దీనికి బయటి నుంచి పోలీసులనో ఇంజనీరునో తేవద్దు. కథలో అప్పటికే ఉన్నవాటితోనే విప్పండి. నా కథలో ఆ ఇంట్లో పని చెయ్యడానికి వచ్చే అమ్మాయి సవర తెగ పిల్ల. ఈ పెద్దావిడ చిన్నప్పుడు కొండ ఊళ్ల దగ్గర పెరిగింది కాబట్టి ఆవిడకీ సవర భాష వచ్చు. గిడుగు రామమూర్తి పంతులుగారు మా పర్లాకిమిడిలో పనిచేస్తూ సవర నేర్చుకున్నారు, 1938లో ఆయన సవర నిఘంటువు అచ్చైంది. అంత చరిత్ర ఉన్న భాష, అయినా యంత్రాలకి నేర్పడానికి దొరికే రాత చాలా తక్కువ. కాబట్టి రోబోకి సవర రాదు. రెండో అధ్యాయంలో ఆ ఇద్దరూ సవరలో ఏదో అనుకుని నవ్వుకుంటారు, రోబో ఒక్క క్షణం ఆగి మళ్లీ గిన్నెలు తోముతుంది. అది రాయకపోతే చివర్లో సవర తేవడం మోసం అయ్యేది.

తుఫాను రాత్రి వాళ్లిద్దరూ రోబో ఎదుటే సవరలో ఉపాయం వేస్తారు. ఇప్పుడు ఆ అంకెలు గుర్తు చేసుకోండి. ముందు రోబో మళ్లీ ఛార్జ్ ఎక్కించుకోకుండా ఇన్వర్టర్ ఖాళీ చెయ్యాలి, అంటే రాత్రంతా చీకట్లో ఉండటానికి సిద్ధపడాలి. ఆ తర్వాత రోబోకి ఊపిరి సలపనంత పని చెప్పాలి. పప్పు రుబ్బించడం, పెరటి నూతిలోంచి బిందెలు తోడించడం, బియ్యం బస్తాలు మేడ మీదికి ఎక్కించడం. పని చెబితే చెయ్యడమే దాని పని, కాదనదు. ఆవిడ ప్రతి పనీ ప్రేమగా, పేరు పెట్టి పిలిచి చెబుతుంది. ఒకపక్క నీళ్లు మెట్టు మెట్టూ ఎక్కుతుంటాయి, ఇంకోపక్క రోబో ఛార్జ్ తగ్గుతుంటుంది. ఈ అధ్యాయం నాకు మూడు రోజుల్లో వచ్చేసింది. అంతకు ముందు ఏడాదిలో రానిది.

మీరు చెయ్యగలిగిన పని ఒకటి చెబుతాను. ఒక లాంగ్ నోట్‌బుక్ తీసి పేజీ మధ్యలో గీత గియ్యండి. ఎడమ వైపు ఇంట్లోవాళ్లకి కనిపించేది, కుడి వైపు అదే గంటలో రోబో విన్నది, చేసింది, ఎవరికి చెప్పింది. పాలవాడు రావడం దగ్గర నుంచి రాత్రి గడియ పెట్టేదాకా రాయండి. కుడి వైపు ఖాళీగా ఉన్న రోజులే మీ కథ ఆగిపోయిన చోట్లు. నా నోట్‌బుక్‌లో అలా వరసగా నాలుగు పేజీలు దొరికాయి. ఆ నాలుగు రోజులూ తీసేశాను.

మీరు రాసిన మూడు అధ్యాయాల్లో రోబోకి ఇంట్లో మొట్టమొదట ఏదైనా చెప్పింది ఎవరు? ఏమని చెప్పారు? ఆ ఒక్క వాక్యం ఇక్కడ పెట్టండి, అక్కడి నుంచి కలిసి చూద్దాం.