‘కగుయా-సమా’లో విద్యార్థి మండలి చేసే పనేమిటి?

విద్యార్థి మండలి కథే అయినా ‘కగుయా-సమా: లవ్ ఈజ్ వార్’లో మండలి పనులు పెద్దగా కనిపించవేమని అడిగారు. నిజమే, 2019 జనవరిలో మొదలైన ఈ జపనీస్ అనిమే (యానిమేషన్ ధారావాహిక)లో మండలి గది ప్రధానంగా ఒక యుద్ధరంగం. అధ్యక్షుడు షిరొగానే, ఉపాధ్యక్షురాలు కగుయా ఒకరినొకరు ఇష్టపడుతున్నా, ముందుగా ప్రేమను బయటపెట్టినవారే ఓడినట్టని నమ్మి, ఎదుటివారి నోట ఆ మాట పలికించడానికి పన్నాగాలు పన్నుతుంటారు. మొదటి భాగంలో సినిమా టికెట్ల విషయమై ఇద్దరూ ఎత్తుకు పైఎత్తు వేస్తుంటే, కార్యదర్శి ఫుజివారా (పాపం, ఆమెకు ఏమీ తెలియదు) మధ్యలో కలగజేసుకుని అంతా తారుమారు చేస్తుంది. ఇంత చిన్న వ్యవహారాన్ని కురుక్షేత్రమంత గంభీరంగా వర్ణించే వ్యాఖ్యాత గొంతులోనే, నా దృష్టిలో, అసలు హాస్యం ఉంది. ఘట్టం ముగియగానే ఆనాటి గెలుపోటములను కూడా సాధారణంగా ఆయనే ప్రకటిస్తాడు.