పారిస్‌లో మిగిలిపోయిన నూర్

ప్రశ్న: 1942 ఏప్రిల్ 6న కాకినాడపై జపాను విమానాలు బాంబులు వేసిననాటి గాభరా గురించి మా అమ్మమ్మ చెబుతూ ఉండేది. ఆ యుద్ధంలోనే మన దేశ మూలాలున్న నూర్ ఇనాయత్ ఖాన్ బ్రిటిష్ గూఢచారిగా ప్రాణాలర్పించారని ఈమధ్య చదివాను. శిక్షణలోనే బెదిరిపోయిన ఆమెను శత్రువుల మధ్యకు ఎలా పంపారు?
– ఒక ఉపాధ్యాయిని, అమలాపురం

జవాబు: మీరు చదివింది నిజమే. శిక్షణలో భాగంగా, పట్టుబడినవారిని ప్రశ్నించినట్టే ప్రశ్నించినప్పుడు ఆమె వణికిపోయారు. ఈ పనికి తగరని కొందరు అధికారులు రాశారు కూడా. అయినా ఫ్రెంచి ధారాళంగా మాట్లాడగలిగి, వైర్‌లెస్ నడపడం వచ్చినవారు, శత్రువు ఆక్రమించిన దేశాలలోకి గూఢచారులను పంపే బ్రిటన్ రహస్య సంస్థ ఎస్.ఓ.ఈ.కి అత్యవసరమయ్యారు. సూఫీ సంగీత విద్వాంసుడు హజ్రత్ ఇనాయత్ ఖాన్ కుమార్తె అయిన నూర్ 1914లో మాస్కోలో పుట్టి, పారిస్ సమీపంలో పెరిగారు. పిల్లల కోసం జాతక కథలను తిరిగి చెప్పిన రచయిత్రి ఆమె.

1943 జూన్‌లో ఆమె జర్మన్ల ఆక్రమణలో ఉన్న ఫ్రాన్సులో దిగిన కొద్ది రోజులకే, తాను పనిచేయవలసిన దళంలోనివారు వరుసగా పట్టుబడ్డారు. తిరిగి వచ్చేయమని లండన్ చెప్పినా, తాను కూడా వెళ్లిపోతే పారిస్ నుంచి కబురందించేవారు ఉండరని ఆమె ఒప్పుకోలేదు. పెట్టెలో వైర్‌లెస్ యంత్రాన్ని మోసుకుంటూ, పొడవాటి ఏరియల్ తీగను ఎవరి కంటా పడకుండా కట్టుకుంటూ, సంకేతాల దిశను పసిగట్టే జర్మన్ వాహనాలు వీధిలోకి వచ్చేలోగా పని ముగించి మరో ఇంటికి మారిపోవాలి. ఈ పనిలో ఉన్నవారు ఆరు వారాలు నిలిస్తే గొప్ప అనుకునే రోజులలో ఆమె దాదాపు నాలుగు నెలలు నిలిచారు. గోదావరి వరద ఏటిగట్టు అంచును తాకిన రాత్రి లాంతరు పట్టుకుని గట్టు మీదే ఉండిపోయే మనిషికి కూడా భయం ఉంటుంది; నూర్ భయాన్ని నేను అలాగే అర్థం చేసుకుంటాను.

ఆమె ఒక పెద్ద తప్పు చేశారు, దానిని దాచి పొగడడం నాకు ఇష్టం లేదు. పంపిన సందేశాల ప్రతులను నోటు పుస్తకంలో ఉంచుకోవడంతో, అక్టోబరులో ఆమె చిక్కాక జర్మన్లు ఆమె పేరుతోనే లండన్‌కు సందేశాలు పంపగలిగారు. అనుమానించవలసిన లండన్ అధికారులు అనుమానించకపోవడం వల్ల, తరువాత వచ్చిన మరికొందరు నేరుగా శత్రువు చేతికి చిక్కారు. విచారణలో మాత్రం ఆమె నోరు విప్పలేదు. రెండుసార్లు తప్పించుకోబోయి దొరికిపోయారు. ఆ తరువాత జర్మనీలోని ఫోర్జ్‌హైమ్ జైలులో నెలల తరబడి సంకెళ్లతో గడిపారు.

ఎస్.ఓ.ఈ. ఫ్రెంచి విభాగం పంపిన 39 మంది స్త్రీలలో 13 మంది తిరిగి రాలేదు. నూర్‌ను 1944 సెప్టెంబరు 13న డాహౌ నిర్బంధ శిబిరంలో చంపారు. 1949లో బ్రిటన్ ఆమెకు మరణానంతరం జార్జ్ క్రాస్ అనే సాహస పురస్కారం ప్రకటించింది. డాహౌలో నూర్‌ను చంపిన రోజునే ఆమెతోపాటు ఎస్.ఓ.ఈ. పంపిన యోలాండ్ బీక్‌మన్, మడలీన్ డామర్‌మాన్, ఎలియాన్ ప్లూమన్ కూడా ప్రాణాలు కోల్పోయారు. మీ తరగతిలో నూర్ కథ చెప్పేటప్పుడు ఈ ముగ్గురి పేర్లు కూడా పిల్లలకు చెప్పండి.