కాటా బాధ్యత తీసుకున్న తమ్ముడికి

తమ్ముడూ,

మీ ప్లాంటు వేబ్రిడ్జిని, అంటే లారీలను తూచే కాటాను, ఆటోమేషన్‌లో పెట్టే పని నీకు అప్పగించారని తెలిసి సంతోషించాను. నా ఉద్యోగమంతా కాటా దగ్గరే గడిచింది కనుక రాస్తున్నాను.

సాఫ్ట్‌వేర్ సంగతి తర్వాత, ముందు ప్లాట్‌ఫారం కిందికి దిగి చూడు. అంచుల్లో రాళ్ళు, మట్టి ఇరుక్కుంటే కొంత బరువు గోడ మీదికి పోతుంది. కాటా కింది సెన్సర్ల వైర్లన్నీ కలిసే జంక్షన్ బాక్సులో తడి చేరితే అంకె నిలకడగా ఉండదు. నాలుగు మూలల్లోనూ ఒకే బరువు పెట్టి తూచు. తేడా వస్తే సరిచేయించి, తనిఖీ ముద్ర వేయించాకే మిగతా పని. కాటాలో తప్పుంటే కంప్యూటర్ ఆ తప్పునే నమోదు చేస్తుంది. ప్రింటులో వచ్చిందంటే ఇక ఎవరూ అనుమానించరు కూడా.

లారీ ఏదో రేడియో సిగ్నల్‌తో గుర్తుపట్టే ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగ్ ఒక్కదాన్నే నమ్మకు, దాన్ని పీకి ఇంకో లారీకి అంటించొచ్చు. పీకితే చిరిగిపోయే రకం తీసుకుని, నంబరు ప్లేటు కెమెరాతో సరిచూసేలా పెట్టించు. రెండు చివర్లా సెన్సర్లు తప్పనిసరి. ఒక్క చక్రం ర్యాంపు మీద ఉన్నా తూకం తీసుకోకూడదు. వాటి అద్దాల మీద దుమ్ము ప్రతి షిఫ్టులో తుడిపించు. లారీ దిగి, అంకె సున్నాకు వచ్చాకే తర్వాతి బండికి గేటు లేవాలి.

అన్నింటికన్నా నన్ను ఇబ్బంది పెట్టింది ఖాళీ బరువు, అంటే లోడు బరువు తేల్చడానికి మొత్తంలోంచి తీసేసే ఖాళీ లారీ బరువు. ఒకసారి తూచి దాచుకుంటే ప్రతి ట్రిప్పుకూ ఒక తూకం తగ్గుతుంది కదా అని మేమూ అలాగే చేశాం. నెలల తర్వాత ఒక లారీని మళ్ళీ ఖాళీగా తూచితే 180 కిలోలు తేడా! బాడీలో గట్టిపడిన మట్టి, డీజిల్, అదనపు టైరు, టార్పాలిన్ అన్నీ కలిసి అంత అయ్యాయి. రోజుకు పది ట్రిప్పులైతే 1,800 కిలోలు. వీలైతే ప్రతిసారీ ఖాళీ బండిని తూచు. కుదరకపోతే ఆ అంకెకు గడువు పెట్టు, గడువు దాటితే సిస్టమే ఆపేయాలి. డ్రైవరు బండిలో ఉంటాడా, దిగుతాడా అన్నది రెండు తూకాలకూ ఒకేలా ఉండాలి.

సిస్టమ్‌లో బరువు అంకెను చేత్తో ఎక్కించే వీలు ఒక్కరికే ఇవ్వు. ఎవరు, ఎప్పుడు, ఎందుకు ఎక్కించారో ఫోటోతో సహా నమోదు కావాలి. డ్రైవరుకు కనిపించేలా పెద్ద డిస్‌ప్లే పెట్టు. తన బండి బరువు తాను చూసుకున్నవాడు గొడవకు రాడు. పాత ఆపరేటర్‌ను మాత్రం పక్కన పెట్టకు. లారీ ఒరిగిన తీరు చూసే అతను లోడు పట్టేస్తాడు, ఆ చూపు ఏ కెమెరాకూ లేదు.

మొదటి నెల పాత పద్ధతి, కొత్త పద్ధతి రెండూ నడిపించు. మొదటి వారం చీటీలు నాకు పంపు, కలిసి చూద్దాం.

మీ అన్నయ్య