శిక్షణ శిబిరాన్ని ఆన్‌లైన్ కోర్సుగా మలచడం ఎలా?

ప్రశ్న: నేను మహబూబ్‌నగర్‌లోని ఒక డిగ్రీ కళాశాలలో పనిచేస్తున్నాను. డిజైన్ థింకింగ్‌పై, అంటే వాడేవారి ఇబ్బందిని గమనించి దానికి పరిష్కారం రూపొందించే పద్ధతిపై, రెండు రోజుల శిబిరం నిర్వహిస్తుంటాను. గోడలకు రంగు చీటీలు అంటించడం, అట్టముక్కలతో నమూనాలు తయారుచేయడం వంటి పనుల్లో విద్యార్థులు ఉత్సాహంగా పాల్గొంటారు. నల్లగొండ, నారాయణపేట, గద్వాల నుంచి కూడా విద్యార్థులు అడుగుతుండడంతో అదే శిబిరాన్ని వీడియో సమావేశంగా నడిపాను. మొదటిరోజు మధ్యాహ్నానికే చాలామంది కెమెరాలు ఆపేశారు. పాఠాలను రికార్డు చేసి పంపితే సరిపోతుందా?
– ఒక అధ్యాపకురాలు, మహబూబ్‌నగర్

జవాబు: రికార్డు చేసిన పాఠాలు మాత్రమే సరిపోవు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలోని డి.స్కూల్ అనే డిజైన్ సంస్థ ప్రచారంలోకి తెచ్చిన ఐదు దశలనే, అంటే ఎదుటివారి స్థితిని అర్థం చేసుకోవడం, సమస్యను నిర్వచించడం, ఆలోచనలు పోగుచేయడం, నమూనా తయారుచేయడం, దాన్ని పరీక్షించడం అనే క్రమాన్నే మీరూ అనుసరిస్తున్నారనుకుంటాను. వీటిలో విద్యార్థి ఒంటరిగా చేయదగినదేదో, నలుగురితో కలిసి చేయవలసినదేదో ముందు విడదీసుకుని, వీడియో సమావేశాన్ని రెండోదానికే వాడండి.

మొదటి దశలో ఆన్‌లైన్ కోర్సుదే పైచేయి అని నా అభిప్రాయం. హాలులో కూర్చున్న విద్యార్థి నేతకారుల కష్టాన్ని ఊహించి చీటీ మీద రాస్తాడు. ఊళ్లో ఉండి చదివే విద్యార్థికి మగ్గం పక్కింట్లోనే ఉండవచ్చు. ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం గారు, తన తల్లి లక్ష్మి గారు ఆసు పోస్తూ భుజాల నొప్పితో పడిన బాధను కళ్లారా చూసినవారు. నేతకు ముందు మేకుల చుట్టూ దారాన్ని తిప్పుతూ, ఒక్కో చీరకు వేలసార్లు చేయి ఆడించవలసిన పని అది. ఆయన 1999లో ఆసు యంత్రాన్ని రూపొందించి దానికి తల్లి పేరు పెట్టారు. 2017లో పద్మశ్రీ అందుకున్నారు. మీ విద్యార్థులకు ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ దొరకదు.

అందుచేత మొదటి వారం ఉపన్యాసం పెట్టుకోకుండా, ఇంట్లోనో వాడలోనో ఒకరి పనిని వారి అనుమతితో గంటసేపు గమనించి రమ్మనండి. “ఏం ఇబ్బంది ఉంది?” అని అడిగితే “ఏం లేదు బిడ్డా” అన్న జవాబే వస్తుంది. చేయి ఎక్కడ ఆగింది, భుజం ఎప్పుడు రుద్దుకున్నారు, ఏ పనికి పక్కవారిని పిలిచారు అన్నవి రాసుకురమ్మంటే పనికివచ్చే సమాచారం చేతికి వస్తుంది.

రెండు రోజుల కార్యక్రమాన్ని నాలుగు వారాలకు విస్తరించి, వారానికొక వీడియో సమావేశం, అదీ గంటంబావుకు మించకుండా పెట్టండి. పాఠం చెప్పక తప్పని చోట ఐదారు నిమిషాల వీడియో ముందే పంపితే, సిగ్నల్ అందని ఊళ్లవారు వీలున్నప్పుడు దింపుకుని చూస్తారు. సమావేశంలో నలుగురేసి చొప్పున విడి ఆన్‌లైన్ గదుల్లోకి (బ్రేకౌట్ రూములు) పంపేటప్పుడు, చివరికి ఏం తయారుచేసి తీసుకురావాలో ఒక్క వాక్యంలో చెప్పి పంపండి. లేకపోతే పలకరింపులతోనే సమయం అయిపోతుంది.

ఆలోచనలు పోగుచేసే దశలో మొదటి పది నిమిషాలు అందరూ మౌనంగా ఎవరికివారు రాయాలి. యేల్ విశ్వవిద్యాలయంలో జరిగి 1958లో వెలువడిన ఒక అధ్యయనంలో, కలిసి చర్చించిన బృందాలకన్నా విడివిడిగా ఆలోచించినవారి జాబితాలను కలిపినప్పుడే ఎక్కువ ఆలోచనలు తేలాయి. హాలులో గొంతు పెద్దగా ఉన్నవారి వెనుక దాగిపోయే విద్యార్థికి ఈ పద్ధతి ఎంతో మేలు చేస్తుంది. రంగు చీటీల కోసం ఖరీదైన డిజిటల్ బోర్డుల జోలికి పోకండి. చిన్న ఫోన్ తెర మీద అవి చూడడమే కష్టం. కాగితం మీద రాసి ఫోటో తీసి వాట్సాప్ గుంపులో పెట్టమంటే చాలు.

నమూనాను ఇంట్లో దొరికే అట్ట, తీగ, పాత గుడ్డలతోనే చేయించండి. పరీక్షించేటప్పుడు, తయారుచేసిన విద్యార్థి నోరు మెదపకుండా, దాన్ని వాడే వ్యక్తి తడబడిన చోటును నిమిషం వీడియోగా తీసి పంపాలి. ఎదురుగా నమూనాను చేతబట్టి చూసే అవకాశం మాత్రం ఆన్‌లైన్‌లో రాదు. వీలైతే చివరి సమావేశాన్ని మీ కళాశాలలోనే ఒక పూట ప్రత్యక్షంగా జరపండి.

కోర్సు ఒక్కో విడతలో పాతికమందిని మించనివ్వకండి. పంపిన ప్రతి పనికీ రెండు మాటల్లోనైనా జవాబు రాయవలసింది మీరే కదా! ధ్రువపత్రాన్ని హాజరును బట్టి కాకుండా, గమనించి రాసిన నోటు, నమూనా ఫోటో, పరీక్షించిన వీడియో మూడూ అందిన తరువాతే ఇవ్వండి. కెమెరా తప్పనిసరి అన్న నియమాన్ని ఎత్తివేయవచ్చు. డేటా సరిపోకనో, ఇంట్లో విడిగా గది లేకనో ఆపేసేవారు కొందరుంటారు.