జరిమానా కట్టాం, ఇక ఉద్యోగం సంగతేమిటి?

ప్రశ్న: మా అబ్బాయికి 20 ఏళ్లు. డిగ్రీ చదువుతూ కానిస్టేబుల్ పరీక్షకు సిద్ధమవుతున్నాడు. మూడు వారాల కిందట తాగి బస్టాండులో గొడవ చేశాడని కోర్టులో హాజరుపరిచారు. ఒప్పుకుంటే త్వరగా వదిలేస్తారని ఎవరో చెబితే ఒప్పుకున్నాడు. వెయ్యి రూపాయల జరిమానా వేశారు. అప్పీలు చేయవచ్చా?
- ఒక తండ్రి, హనుమకొండ

జవాబు: చేయవచ్చు, కానీ ఆలస్యం చేయకండి. మేజిస్ట్రేటు తీర్పుపై సెషన్స్ కోర్టుకు వెళ్లడానికి 30 రోజులే గడువు. ఈరోజే తీర్పు సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టండి. కాపీ తయారవడానికి పట్టే రోజులను గడువులో కలపరు.

నేరం ఒప్పుకున్నవారు అప్పీలులో శిక్ష ఎంత, అది చట్టబద్ధమా అన్నదే ప్రశ్నించగలరు. నిరాశపడకండి, మీకు కావలసిన దారి అందులోనే ఉంది. 1958 నాటి ప్రొబేషన్ చట్టం కింద మందలించి వదిలేయమని అప్పీలు కోర్టునూ కోరవచ్చు. అలా వదిలేస్తే, శిక్ష పడినందువల్ల కలిగే అనర్హత అతనికి వర్తించదని 12వ సెక్షన్ చెబుతోంది. నేర నిర్ధారణ మాత్రం రికార్డులో ఉండిపోతుంది.

ఎవరో చెబితే ఒప్పుకున్నాడన్న మాట నన్ను కలవరపెట్టింది. భారతీయ న్యాయ సంహిత 355వ సెక్షన్ ప్రకారం తాగి ఉండటం ఒక్కటే నేరం కాదు, బహిరంగ స్థలంలో ఇతరులను ఇబ్బంది పెట్టేలా ప్రవర్తించి ఉండాలి. నిందితుడు ఏమి ఒప్పుకున్నాడో వీలైనంతవరకు అతని మాటల్లోనే మేజిస్ట్రేటు నమోదు చేయాలి. రికార్డులో అది కనిపించకపోతే రివిజన్ పిటిషన్ (కింది కోర్టు ఉత్తర్వు సక్రమమో కాదో పరిశీలించమని పై కోర్టును కోరడం) గురించి న్యాయవాదిని అడగండి. దానికి 90 రోజుల గడువు ఉంది. ఫీజు భారమైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థను సంప్రదించండి, ఆదాయ పరిమితికి లోబడినవారికి ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు.

ఉద్యోగం విషయంలో నా భయం ఈ జరిమానా గురించి కాదు, దాన్ని దాచిపెడతారేమోనని. అటెస్టేషన్ ఫారంలో (అభ్యర్థి తన పూర్వ వివరాలు రాసి ఇచ్చే పత్రం) కేసుల గురించి అడిగినచోట ఉన్నది ఉన్నట్టు రాయించండి. అవతార్ సింగ్ కేసులో 2016లో సుప్రీంకోర్టు, చిన్న వయసులో జరిగిన స్వల్ప నేరాన్ని చెప్పకపోయినా యజమాని తన విచక్షణతో మన్నించవచ్చని చెప్పింది. ఆ మన్నింపు హక్కు కాదు. నిజం చెప్పినా అభ్యర్థి తగినవాడా కాదా అని పరిశీలించే అధికారం నియామక సంస్థకు ఉంటుంది, పోలీసు శాఖ ఇందులో మరింత కఠినంగా ఉంటుంది. అందుకే ఇతర పోటీ పరీక్షలకూ ఇప్పటినుంచే దరఖాస్తు చేయించండి. న్యాయవాది దగ్గరకు అబ్బాయిని వెంటబెట్టుకొని వెళ్లండి, ఆ రోజు జరిగింది అతని నోటే చెప్పనివ్వండి.