వెంకటయ్య ఇంటి గుమ్మం

ప్రియమైన తమ్ముడికి,

నీ కథ చదివాను. టీకొట్టులో దళితుల కోసం వేరుగా పెట్టిన గ్లాసు ప్రతీకగా కుదిరిందా అని అడిగావు. కుదిరింది. దాన్ని పట్టుకున్న వెంకటయ్యే కుదరలేదు. ఎందుకో చెప్పడానికి హార్పర్ లీ 1960లో ప్రచురించిన ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’ నవలను ఆసరా చేసుకుంటాను. 1930ల నాటి అమెరికాలోని అలబామాలో, చేయని అత్యాచారానికి టామ్ రాబిన్సన్ అనే పాతికేళ్ల నల్లజాతి కూలీని దోషిగా తేల్చిన కథ అది.

టామ్ ఎడమ చెయ్యి చూడు. చిన్నప్పుడు పత్తి జిన్నింగ్ యంత్రంలో నలిగి పనికిరాకుండా పోయింది. ఆరోపణ చేసిన మయెల్లా ముఖం మీద దెబ్బలేమో కుడివైపున ఉన్నాయి. కొట్టినవాడిది ఎడమచేతి వాటం అయి ఉండాలి. కోర్టులో ఆమె తండ్రి తన పేరు రాసింది ఎడమచేత్తోనే. ఆ చెయ్యి ముందు సాక్ష్యం, తర్వాతే ప్రతీక. అంత తేటగా కనిపిస్తున్నా తెల్లవాళ్ల జ్యూరీ దాన్ని చూడనట్టే తీర్పు చెప్పింది. అందుకే అది మనల్ని వదలదు.

మయెల్లా పూలు నాకు ఇంకా ఇష్టం. ఊరి చెత్తకుప్ప వెనక, ఆ ఇంటి ఆవరణలో ఓ మూల, పెచ్చులూడిన ఆరు ఎనామిల్ పాత్రల్లో ఎర్రటి జెరేనియంలు. అవి ఆమెవేనని ఊళ్లో అనుకుంటారు. అబద్ధపు సాక్ష్యంతో ఒక మనిషి చావుకు కారణమైన పిల్ల, ఆ మొక్కల్ని ఎంతో శ్రద్ధగా పెంచింది! ఆ పూలు ఆమెను క్షమించమనవు, సులువుగా ద్వేషించనివ్వవు కూడా. మరి నీ టీకొట్టు యజమానికి మీసం, కేకలు తప్ప ఏమిచ్చావు?

ఇక మాకింగ్‌బర్డ్ అనే పాటపిట్ట. ఎవరికీ హాని చేయదు, మన కోసం పాడుతుంది, కాబట్టి చంపడం పాపమని నవలలో పొరుగింటి మిస్ మాడీ విడమరిచి చెబుతుంది. ఆ పోలిక టామ్‌కు అంటగట్టడం దగ్గరే నాకు పేచీ. న్యాయం దక్కాలంటే మనిషి పిట్టంత అమాయకుడై ఉండాలా? కోపిష్టి అయితే? తాగుబోతయితే? టామ్ మనసులో ఏముందో నవల దాదాపు చెప్పదు. కథ చెప్పే స్కౌట్, అతని తరఫున వాదించిన తెల్ల లాయరు కూతురు. ఒక్కచోట మాత్రం తెర తొలగుతుంది. మయెల్లాకు ఊరికే పనులెందుకు చేసిపెట్టావని ప్రాసిక్యూటర్ గుచ్చి అడిగితే, ఆమెను చూసి జాలేసిందంటాడు టామ్. నల్లవాడు తెల్లపిల్ల మీద జాలిపడటం! ఆ కోర్టు గదిలో అంతకు మించిన నేరం లేదు. నవల మొత్తంలో టామ్ నాకు బాగా దగ్గరైంది ఆ జవాబుతోనే.

స్కౌట్ ఇంట్లో పనిచేసే నల్లజాతి వంటమనిషి కాల్పూర్నియా తన చర్చిలో తనవాళ్లతో వేరే తీరుగా మాట్లాడుతుంది. అది విన్న స్కౌట్, ఎప్పుడైనా మీ ఇంటికి రావచ్చా అని అడుగుతుంది. తప్పకుండా రమ్మంటుంది కాల్పూర్నియా. ఆ గుమ్మం మాత్రం నవల తొక్కదు. ఎంత మంచి అవకాశం చేజారిందో!

నువ్వు వెంకటయ్య ఇంట్లోకి వెళ్లు. తాగిన గ్లాసు తనే కడిగి పెట్టి వచ్చిన సాయంత్రం భార్యతో ఏమంటాడు? ఎవరి మీద విసుక్కుంటాడు? కొడుకు అదే కొట్టుకు వెళ్తానంటే ఆపుతాడా? చివర్లో గ్లాసు పగలగొట్టే దృశ్యం తీసెయ్. అది వెంకటయ్య చేసిన పని కాదు, నువ్వు అతని చేత చేయించావు. ఇంటి దృశ్యం రాసి పంపు, మిగతాది అప్పుడు మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య